గళగండం నుండి రక్తపు చుక్క వరకు

హైదరాబాదు నగరంలో మధురానగర్ నుండి అమీర్‌పేట మీదుగా పంజాగుట్ట దాకా వెళ్ళేవారికి రక్త పరీక్షా కేంద్రాల బోర్డులు అడుగడుగునా కనిపిస్తాయి. ఆ బోర్డుల మీద చక్కెర వ్యాధి పక్కన తప్పక ఉండే మాట మరొకటి: థైరాయిడ్. ఉదయం కొద్దిపాటి నెత్తురు ఇచ్చి వస్తే సాయంత్రానికి రెండు మూడు విలువలు వ్రాసిన కాగితం చేతికి వస్తుంది. అది చూచుకొని "నాకు థైరాయిడ్ వచ్చింది" అని ఇంట్లో చెప్పుకోవడం మన నగరాల్లో నిత్యం వినే మాట అయినది. నిజానికి థైరాయిడ్ ఒక వ్యాధి పేరు కాదు. అది ప్రతి మనిషి కంఠంలో పుట్టుకతోనే ఉండవలసిన గ్రంథి. మన పాఠ్యగ్రంథాలు దానిని అవటు గ్రంథి అన్నవి. అది లేకుండా పుట్టే శిశువులూ కొందరున్నారు. వారి సంగతి చివర చెప్పుకుందాం.

ఇంత సులభంగా దొరికే ఈ పరీక్ష ఎంతో కాలం నుండి ఉన్నదేమీ కాదు. ఈ గ్రంథి బాగున్నదో లేదో తెలుసుకొనడానికి మానవుడు మొదట కంటిని, తరువాత చేతిని, ఆ తరువాత శ్వాసను, ఆ పిమ్మట అణుధార్మిక అయోడిన్‌ను, చివరకు రక్తాన్ని సాధనాలుగా చేసుకున్నాడు. ఒక్కొక్క సాధనం ఒక ప్రశ్నకు జవాబు చెప్పినది. ఒక్కొక్కటి మరొక చోట మోసం కూడా చేసినది. ఆ చరిత్రను, అందులో తెలుగువారి పాత్రను శ్రోతల ముందు ఉంచడం ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా గ్రంథి పని కొంచెం తెలుసుకోవాలి. కంఠమణికి కాస్త దిగువన, శ్వాసనాళం మీద, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లుండే చిన్న గ్రంథి ఇది. మనం తినే ఆహారంలోని అయోడిన్‌ను పట్టి, దానితో థైరాక్సిన్ అనే రసాన్ని తయారు చేసి రక్తంలోకి వదలుతుంది. దేహంలోని ప్రతి కణమూ ఎంత వేగంగా పని చేయాలో ఈ రసమే నిర్ణయిస్తుంది. అది తగ్గితే నీరసం, చలి ఓర్చలేకపోవడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, బరువు పెరగడం, స్త్రీలలో రుతుక్రమం తప్పడం కలుగుతాయి. ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు, చెమట, తిన్నా చిక్కిపోవడం కనిపిస్తాయి. గర్భస్థ శిశువుకూ, పసిబిడ్డకూ మెదడు ఎదగడానికి ఇది లేకుంటే గడవదు.

మన వైద్యులకు ఈ గ్రంథి తెలియదు కాని, దాని వాపు తెలుసు. సుశ్రుత సంహితలోనూ, తెలుగు దేశపు వైద్యులు తరతరాలుగా చదివిన మాధవ నిదానంలోనూ గళగండం అనే వ్యాధి ఉన్నది. మాధవ నిదానం గళగండాన్ని, గండమాలను ఒకే అధ్యాయంలో పక్కపక్కన ఉంచి, రెండింటికీ వేరువేరు లక్షణాలు చెప్పినది. కంఠం దగ్గర వ్రేలాడే ఒకే వాపు గళగండం. మెడచుట్టూ పూసల వలె వరుసగా లేచే గడ్డలు గండమాల. ఈ రెండో దానిలో చాలా భాగం క్షయ వల్ల వచ్చేదని నేటి వైద్యం చెపుతుంది. మెడ వాచిన ప్రతి రోగమూ ఒకటి కాదని గుర్తించడమే నిదానానికి తొలి మెట్టు. ఆ మెట్టు మనవారు ఏనాడో ఎక్కినారు. అయితే కంటికి కనిపించనిది వారికీ అందలేదు.

యూరపులో కథ మరొక దారిన నడిచినది. 1811లో ఫ్రాన్సులో కూర్త్వా అనే రసాయనికుడు సముద్రపు నాచు బూడిదలో అయోడిన్‌ను కనుగొన్నాడు. 1820లో జెనీవా వైద్యుడు క్వాండే దానిని గళగండానికి మందుగా ఇచ్చినాడు. స్విట్జర్లాండులో కోకర్ అనే శస్త్రవైద్యుడు వాచిన గ్రంథిని పూర్తిగా తొలగించడంలో ఆరితేరినాడు. అయితే అలా తొలగించిన రోగులు కొంతకాలానికి ముఖం ఉబ్బి, మందబుద్ధులై, నెమ్మదించిపోవడం చూచి, 1883లో ఆ సంగతిని దాచక లోకానికి చెప్పినాడు. గ్రంథి పని ఏమిటో లోకానికి తెలిసినది ఆ మాటతోనే. 1909లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. 1891లో ఇంగ్లండులో జార్జ్ మర్రే గొర్రె థైరాయిడ్ రసాన్ని గ్రంథి చాలని ఒక స్త్రీకి ఎక్కించినాడు. చావుకు దగ్గరైన ఆమె ఆ వైద్యంతో మరి 28 సంవత్సరాలు బ్రతికినది.

ఇక మన దేశం సంగతి. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏండ్లలో కాశ్మీరానికి ఉత్తరాన ఉన్న గిల్గిత్ ప్రాంతంలో రాబర్ట్ మెకారిసన్ అనే సైనిక వైద్యుడు గళగండాన్ని పరిశీలించినాడు. అక్కడి నీటి మడ్డిని తానూ త్రాగి, మరికొందరు స్వచ్ఛంద వ్యక్తుల చేత త్రాగించి, వారిలో కొందరి కంఠాలు ఉబ్బడం చూచినాడు. నీటిలోని మాలిన్యమే ఈ వ్యాధికి మూలమని ఆయన భావించినాడు. తరువాత ఆయనే నీలగిరులలోని కూనూరులో పోషకాహార పరిశోధనాలయానికి అధిపతి అయినాడు. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదులోని తార్నాకకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అనే పేరుతో పని చేస్తున్నది.

ఆ కూనూరు పరిశోధనాలయంలోనే మన తెలుగు శాస్త్రజ్ఞుడొకరు తొలి పాఠాలు నేర్చినారు. ఆయన వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో జన్మించి, విశాఖపట్టణంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ఆక్స్‌ఫర్డులో డాక్టరేటు పొంది, కూనూరులో పోషకాహార లోపాలను పరిశీలించి, 1957లో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో వ్యాధి విజ్ఞాన శాస్త్రానికి ఆచార్యులైనారు. గళగండం నీటి మాలిన్యం వల్ల వస్తున్నదా, అయోడిన్ లోపం వల్ల వస్తున్నదా అన్నది ఆయన ముందున్న ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే మెడలు చూస్తే చాలదు, పరీక్ష కావాలి. హిమాలయ ప్రాంతపు రోగులలో ఆయనా, సహచరులూ మూత్రంలో పోయే అయోడిన్‌ను కొలిచినారు. అది చాలా తక్కువగా ఉన్నది. అణుధార్మిక అయోడిన్‌ను కొద్ది మోతాదులో ఇచ్చి, గ్రంథి దానిని ఎంత పట్టుకుంటుందో కొలిచినారు. ఆకలిగొన్నవాడు అన్నం మీద పడినట్లు గ్రంథి ఆ అయోడిన్‌ను లాక్కొన్నది. కంఠం వాచినది రోగక్రిమి వల్ల కాదు, అయోడిన్ ఆకలి వల్ల. ఈ పరిశోధన 1961లో లాన్సెట్ పత్రికలో వెలువడినది.

అంతకు ముందే, 1956లో, పంజాబు కొండలలోని కాంగ్డా లోయలో మరొక పరీక్ష మొదలైనది. ఆ లోయ నేడు హిమాచల ప్రదేశంలో ఉన్నది. సుమారు లక్ష జనాభాను మూడు మండలాలుగా విభజించినారు. రెండు మండలాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక మండలానికి మామూలు ఉప్పు సరఫరా చేసినారు. ఆరంభంలో మూడు చోట్లా బడిపిల్లలలో నూటికి సుమారు 40 మందికి గళగండం ఉన్నది. ఆరేండ్ల తరువాత, 1962లో చూస్తే, అయోడిన్ ఉప్పు తిన్న మండలాల్లో అది సగానికి, అంతకన్నా తక్కువకు దిగినది. మామూలు ఉప్పు తిన్న చోట మాత్రం మార్పు లేదు. ఆ పిమ్మట మూడో మండలానికీ అయోడిన్ ఉప్పు ఇచ్చినారు. అక్కడా వ్యాధి తగ్గింది. 1962లోనే జాతీయ గళగండ నివారణ కార్యక్రమం ఆరంభమైనది.

ఒక ఉప్పు రాయిలో ఇంత శక్తి ఉన్నదని తెలిసినా, దానిని దేశమంతటికీ అందించడానికి చాలా ఏండ్లు పట్టినది. మొదట గళగండం ఉన్న ప్రాంతాలకు మాత్రమే అయోడిన్ ఉప్పు పంపినారు. 1980 దశాబ్దంలో ఢిల్లీ వైద్యులు ఉత్తర ప్రదేశ్ తరాయి జిల్లాల్లో పుట్టిన శిశువుల బొడ్డుతాడు రక్తాన్ని పరీక్షించి, గ్రంథి చాలని బిడ్డలు అక్కడ చాలా ఎక్కువగా పుడుతున్నారని చూపినారు. మెడ మీది వాపు కనిపించే లోపం. బిడ్డ మెదడుకు జరిగే నష్టం కనిపించని లోపం. ఈ రెండోది బయటపడడం ప్రభుత్వ నిర్ణయానికి బలం ఇచ్చినది. తినే ఉప్పునంతటినీ అయోడిన్‌తో కలిపే పని 1986 నుండి దశలవారీగా మొదలైనది. 1992లో కార్యక్రమం పేరులో గళగండం అన్న మాట పోయి, అయోడిన్ లోప రుగ్మతలు అన్న మాట వచ్చినది. అయోడిన్ లేని ఉప్పు అమ్మకం మీద కేంద్రం విధించిన నిషేధాన్ని 2000లో ఎత్తివేసి, 2006లో మళ్ళీ విధించినారు. వాడకందారుకు చేరే ఉప్పులో పది లక్షల పాళ్ళకు 15 పాళ్ళకు తగ్గకుండా అయోడిన్ ఉండాలని నియమం.

ఇది ఊరివారందరినీ ఒక్కసారిగా పరీక్షించే పద్ధతి చరిత్ర. ఒక్కొక్క రోగిని పరీక్షించే పద్ధతికి వేరే చరిత్ర ఉన్నది.

1895లో జర్మనీలో మాగ్నస్ లెవీ అనే వైద్యుడు, గ్రంథి ఎక్కువగా పని చేసేవారు ఎక్కువ ప్రాణవాయువును, తక్కువగా పని చేసేవారు తక్కువ ప్రాణవాయువును వాడుకుంటారని కనుగొన్నాడు. అప్పటి నుండి అరవై ఏండ్లకు పైగా ఇదే పరీక్ష నడిచినది. రోగిని పరగడుపున పడుకోబెట్టి, ముక్కు మూసి, నోటికి గొట్టం తగిలించి, ఎంత ప్రాణవాయువు పీల్చాడో కొలిచేవారు. రోగి కాస్త భయపడితే చాలు, లెక్క తప్పేది. తరువాత రక్తంలో మాంసకృత్తులకు అంటుకున్న అయోడిన్‌ను కొలవడం వచ్చినది. అయోడిన్ ఉన్న దగ్గు మందు త్రాగినా, ఎక్స్-రే కోసం అయోడిన్ రంగు ఎక్కించినా, ఆ లెక్కా తప్పేది. అణుధార్మిక అయోడిన్ పరీక్ష గ్రంథి ఆకలిని చెప్పినది కాని, రక్తంలో రసం ఎంత ఉన్నదో చెప్పలేకపోయినది.

ఈ చిక్కు విప్పినవారు న్యూయార్కులోని రోసలిన్ యాలో, సాలమన్ బెర్సన్. 1959-60లలో వారు రక్తంలోని ఇన్సులిన్‌ను అత్యంత స్వల్ప పరిమాణంలో కూడా కొలిచే పద్ధతిని ప్రకటించినారు. కొలవవలసిన పదార్థానికి అణుధార్మిక గుర్తు తగిలించి, దానికి ప్రతికూలంగా తయారైన ప్రతిదేహంతో పోటీ పెట్టడం ఇందులోని కిటుకు. దీనికి రేడియో ఇమ్యునో అస్సే అని పేరు. బెర్సన్ 1972లో చనిపోయినాడు. యాలోకు 1977లో నోబెల్ బహుమతి వచ్చినది. ఆ పద్ధతినే 1960 దశాబ్దంలో థైరాయిడ్‌ను ఆజ్ఞాపించే పీయూష గ్రంథి రసానికి అన్వయించినారు. మనం నేడు టి.ఎస్.హెచ్. అంటున్నది దానినే.

టి.ఎస్.హెచ్. సంగతి తెలియక చాలామంది పొరపాటు పడతారు. పీయూష గ్రంథి యజమాని వంటిది, థైరాయిడ్ పనివాడు. పనివాడు మందగిస్తే యజమాని గొంతు పెంచుతాడు. పనివాడు అతిగా చేస్తే ఊరుకుంటాడు. కాబట్టి టి.ఎస్.హెచ్. పెరిగినదంటే, చాలా సందర్భాల్లో, థైరాయిడ్ తగ్గినదని అర్థం; టి.ఎస్.హెచ్. అడుగంటినదంటే థైరాయిడ్ ఎక్కువైనదని అర్థం. థైరాక్సిన్ కొద్దిగా తగ్గినా టి.ఎస్.హెచ్. చాలా రెట్లు పెరుగుతుంది. అందుకే రోగాన్ని తొలి దశలో పట్టడానికి ఇంతకన్నా చురుకైన సాధనం లేదు. తొలినాటి పద్ధతులు పెరుగుదలను కొలవగలిగినవి కాని, తగ్గుదలను గుర్తించలేకపోయినవి. ఆ లోపాన్ని 1980 దశాబ్దపు నూతన పద్ధతులు తీర్చినవి.

మన దేశంలో ఈ పరీక్షలకు కావలసిన అణుధార్మిక కిట్లను ట్రాంబేలోని భాభా అణు పరిశోధనా కేంద్రం తయారు చేయడంతో పెద్ద ఆసుపత్రులలో అవి అందుబాటుకు వచ్చినవి. పంజాగుట్టలో నిజామ్ ధర్మనిధి పేరుతో ఎముకల ఆసుపత్రిగా మొదలైన సంస్థ, 1980 దశాబ్దంలో నిజామ్ వైద్య విజ్ఞాన సంస్థగా, మన వాడుకలో నిమ్స్‌గా మారినది. అంతస్స్రావ గ్రంథుల వైద్యానికీ, అణుధార్మిక వైద్యానికీ ప్రత్యేక శాఖలు అక్కడ ఏర్పడినవి. తరువాత అణుధార్మికత అక్కరలేని, వెలుగును కొలిచే యంత్రాలు వచ్చినవి. వాటితో ఈ పరీక్ష పెద్ద ఆసుపత్రి గడప దాటి వీధిలోకి వచ్చినది.

ఇక్కడ శ్రోతలకు ఒక సందేహం రావచ్చు. అయోడిన్ ఉప్పు ఇంటింటికీ వచ్చినది గదా, మరి నగరాల్లో ఇంతమందికి ఈ జబ్బు ఎందుకు? దీనికి జవాబు 1912లో జపానులో దొరికినది. హకారు హషిమోతో అనే యువ వైద్యుడు కొందరి థైరాయిడ్‌లో తెల్ల కణాలు కిక్కిరిసి ఉండడం గమనించినాడు. మన రక్షక కణాలే మన గ్రంథిని శత్రువనుకొని తినివేస్తున్నాయని 1956లో లండను శాస్త్రజ్ఞులు నిరూపించినారు. ఆ రోగుల రక్తంలో గ్రంథికి వ్యతిరేకమైన ప్రతిదేహాలను వారు చూపినారు. ఇది అయోడిన్ లోపం కాదు. ఉప్పుతో పోదు. స్త్రీలలో పురుషులకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

హైదరాబాదుతో సహా 8 నగరాల్లో 5,376 మంది వయోజనులను పరీక్షించిన ఒక అధ్యయనం 2013లో వెలువడినది. అందులో నూటికి సుమారు 11 మందిలో థైరాయిడ్ లోపం ఉన్నది. నూటికి 3.5 మందికి తమకు ఈ లోపం ఉన్నట్లు అంతకు ముందు తెలియనే తెలియదు. నూటికి సుమారు 22 మంది రక్తంలో గ్రంథికి వ్యతిరేకమైన ప్రతిదేహాలు ఉన్నవి. అలసటను ఇంటి చాకిరీ అనుకొని, బరువును తిండి తప్పు అనుకొని, దిగులును మనసు బలహీనత అనుకొని ఏండ్లు గడిపిన స్త్రీలు ఆ లెక్కలో ఎందరో ఉండి ఉంటారు. మరొక వంక, ఒకే ఒక్క కాగితం చూచి, అక్కరలేకపోయినా జీవితాంతం మాత్రలు మ్రింగేవారూ ఉన్నారు. పరీక్ష జరగకపోవడం ఎంత హానియో, జరిగిన పరీక్షను సరిగా అర్థం చేసుకొనకపోవడమూ అంతే హాని.

అందువల్ల కొన్ని మాటలు చెప్పవలసి ఉన్నది. టి.ఎస్.హెచ్. కొద్దిగా పెరిగి, థైరాక్సిన్ మామూలుగా ఉన్నప్పుడు, గర్భిణి కానివారు వెంటనే మందు మొదలుపెట్టకుండా రెండు మూడు నెలల తరువాత మరొకసారి పరీక్షించుకొనడం మంచిది. చాలామందిలో అది తనంత తానే దిగుతుంది. వార్ధక్యంలో టి.ఎస్.హెచ్. కొంత పెరగడం సహజం. జ్వరంతోనో, మరో పెద్ద జబ్బుతోనో ఆసుపత్రిలో ఉన్నప్పుడు చేసిన థైరాయిడ్ పరీక్షను నమ్మడానికి వీలులేదు. జుట్టు కోసం, గోళ్ళ కోసం వాడే బయోటిన్ మాత్రలు కొన్ని యంత్రాలను తప్పుదోవ పట్టిస్తాయి. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపాలి. థైరాక్సిన్ మాత్ర వాడేవారు ఆ ఉదయం రక్తం ఇచ్చిన తరువాతనే మాత్ర వేసుకోవాలి. మోతాదు మార్చిన ఆరు నుండి ఎనిమిది వారాల లోపు మళ్ళీ పరీక్ష చేయించి లాభం లేదు. దేహం కొత్త మోతాదుకు కుదురుకొనడానికి అంత సమయం పడుతుంది. గర్భిణులకు మాత్రం కొలతలు వేరు, తొందరా వేరు. వారు గర్భం నిలిచినదని తెలిసిన వెంటనే వైద్యుని అడగాలి. గ్రంథిలో గడ్డ తగిలితే రక్త పరీక్ష ఒక్కటీ చాలదు. అల్ట్రాసౌండు, అవసరమైతే సన్నని సూదితో కణాలు తీసి చూడడం కావాలి. మెడ మీద చేయి వేసి చూచే వైద్యుడు ఈనాటికీ అక్కరకు వస్తాడు.

చివరగా, ముందు మాట ఇచ్చిన శిశువుల సంగతి. గ్రంథి లేకుండానో, చాలీచాలని గ్రంథితోనో పుట్టిన బిడ్డ తొలి రోజుల్లో అందరు బిడ్డల వలెనే ఉంటుంది. తల్లి రక్తం నుండి వచ్చిన కొద్దిపాటి థైరాక్సిన్ దానిని కాపాడుతుంది. బాగా నిద్రపోతుంది, ఎక్కువ ఏడవదు. మంచి బిడ్డ అని ఇంటివారు మురిసిపోతారు. లక్షణాలు కంటికి కనిపించేనాటికి మెదడుకు జరిగిన నష్టం పూడ్చరానిదవుతుంది. పుట్టిన రెండు వారాల్లో మాత్ర మొదలుపెడితే ఆ బిడ్డ అందరిలాగానే బడికి వెళ్తుంది. అది వెలలో ఎంతో స్వల్పమైన మాత్ర. దీనికి కావలసినది పుట్టిన రెండు మూడు రోజులకు మడమ నుండి తీసిన ఒక్క రక్తపు చుక్క. 1970 దశాబ్దంలో కెనడాలోని క్విబెక్‌లో మొదలైన ఈ పద్ధతి ఎన్నో దేశాలలో ప్రతి బిడ్డకూ హక్కు అయినది.

ఈ పని మన హైదరాబాదులోనూ జరిగినది. 2000 నుండి నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో పుట్టిన 18,300 మంది శిశువులను ఇక్కడి శాస్త్రజ్ఞులు పరీక్షించగా, సుమారు 1,700 మందికి ఒకరికి ఈ లోపం ఉన్నట్లు తేలినది. ఆ ఫలితం 2004లో వెలువడినది. తరువాత భారత వైద్య పరిశోధనా మండలి హైదరాబాదుతో కలిపి అయిదు నగరాల్లో లక్షకు పైగా శిశువులను పరీక్షించినది. సుమారు 1,100 మందికి ఒకరని లెక్క వచ్చినది. పాశ్చాత్య దేశాలలో చాలా కాలం చెప్పుకున్న లెక్క మూడు నాలుగు వేలకు ఒకరు. అయినా ఈ పరీక్ష మన దేశమంతటా తప్పనిసరి కాలేదు.

కాంగ్డా లోయలో రామలింగస్వామి బృందం చూపినది, ఒక చిటికెడు ఉప్పు వేల బిడ్డల కంఠాలను కాపాడగలదని. మడమ నుండి తీసిన రక్తపు చుక్క ఆ పనికే కొనసాగింపు. ప్రసూతి ఆసుపత్రి నుండి బిడ్డను ఇంటికి తెచ్చుకునే ముందు తల్లిదండ్రులు, మేనమామలు, అమ్మమ్మలు, నాయనమ్మలు ఎవరైనా సరే ఒక ప్రశ్న అడగాలని మా మనవి: "బిడ్డకు థైరాయిడ్ పరీక్ష చేసినారా?" ఆ ప్రశ్న అడిగేవారు పెరిగితే, ఆ చుక్క తీయడమూ ఆచారమవుతుంది.